రూపచిత్రములలో వృత్తియు హోదాయు

తెలుగు శాఖ యున్న కళాశాలలలో గోడమీద కవుల పటముల వరుస యొకటి తరచుగ కానవచ్చును. నన్నయభట్టు గంటము చేతబూని తాళపత్రముల యెదుట కూర్చుండియుండును. పోతన చెంత నాగలి యుండును. వేమన దిగంబరుడై యుండును. చిన్ననాటి వాచకములనుండి ఈ రూపములనే చూచుచు వచ్చిన మనకు, ఆ మహాకవులు నిజముగ అట్లే యుండిరను భావము తెలియకయే మనస్సున నెలకొన్నది. కాని వారిలో నొక్కరికైనను తమ జీవితకాలమున వ్రాయబడిన రూపచిత్రము మనకు దక్కలేదు. ఆ ముఖములన్నియు అనంతరకాలపు చిత్రకారుల ఊహలు.

ఊహ యని వానిని త్రోసివేయరాదు. పోతనను చిత్రించిన కళాకారుడు ఎదుర్కొన్న సమస్య చిన్నది కాదు. ఆయన ముఖరేఖలు ఎవరికిని తెలియవు. అయినను పటమును చూచిన వెంటనే ఇతడు పోతన యని బాలునకు సైతము తెలియవలెను. కృతిని రాజుల కీయక సేద్యముచే జీవించెనను ఐతిహ్యము లోకమున నున్నది. కావున చిత్రకారుడు నాగలిని తెచ్చి ప్రక్కన నిలిపెను. ఆ నాగలి పోతన జీవనోపాధిని తెలుపుటకంటె ఆయన రాజాశ్రయమును కాదన్న సంగతిని తెలుపుటకే యచ్చట నున్నది. వృత్తిచిహ్నము హోదాను గూర్చిన వాదముగ మారినది. పరిశోధకుడెవరైన ఆ పటమును చూచి పదునైదవ శతాబ్దపు నాగలి యిట్లుండెనని వ్రాసినచో నవ్వుదుము. దానికంటె సూక్ష్మమైన పొరపాటును, నిజముగ సమకాలికములైన చిత్రముల విషయమున, మనమే చేయుచున్నాము. చిత్రములోని వస్త్రాభరణములను నాటి సంఘమున కద్దముగ గ్రహించి, సాంఘికచరిత్రకు ఉదాహరించి, అంతటితో తృప్తిపడుచున్నాము. చిత్రమును వ్రాయించినవాడు తన్ను గూర్చి దేనిని చూపదలచెను, దేనిని మరుగుపరచెను అను ప్రశ్న వేయుట అరుదు.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో వృత్తిని, హోదాను వేరుపరచి చూచుట మొదటి మెట్టు. ఇవి రెండును జంటగ నడచునని పైకి తోచును. చిత్రములలో మాత్రము ఇవి తరచుగ పరస్పరము విరోధించును. వృత్తిని తెలుపుటకు చిత్రకారునకు సులభమైన ఉపాయము చేతి పనిముట్టు: కుమ్మరికి సారె, సాలెకు మగ్గము, కమ్మరికి సుత్తి. హోదాను తెలుపుటకు పనిముట్టు అక్కరకు రాదు. పైగా చేతిలో పనిముట్టు ఉన్నంతవరకు ఆ మనుష్యుడు పని చేయువాడే గాని చేయించువాడు కాడు. కావున అంతస్తు పెరిగినకొలది చేయి ఖాళీయగుచు వచ్చును; లేదా ఏ పనికిని అక్కరలేని వస్తువొకటి అందులో చేరును. మొగలాయి, దక్కను చిత్రములలో ప్రభువులు వ్రేళ్లకొనలతో పువ్వును పట్టి నిలుచుట ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. ఖడ్గ మొక్కటి ఈ నియమమునకు లొంగదు. అదియు పనిముట్టే; అయినను పట్టినవాని అంతస్తును అది తగ్గింపదు.

విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము పురుషులను హంస, భద్ర, మాలవ్య, రుచక, శశకములని ఐదు తెగలుగ విభజించి ప్రమాణములు చెప్పినది. రాజులు, మునులు, మంత్రులు, వర్తకులు మున్నగువారి వేషములను గూర్చియు విధించినది. ఈ శాస్త్రము తెగను గుర్తుపట్టించుటకు ఏర్పడినది. ఒక తెగలో పుట్టి మరియొక తెగలోనికి ఎదిగినవానిని ఎట్లు చిత్రింపవలెనో అది చెప్పదు. మనకు మిక్కిలి ముఖ్యమైన తెలుగునాటి ఉదాహరణము సరిగ అట్టివానిదే.

లేపాక్షి వీరభద్రాలయము నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున, 1530 తరువాతి దశాబ్దిలో, విరూపణ్ణయు అతని సోదరుడు వీరణ్ణయు దీనిని విస్తరింపజేసిరి. శాసనములు విరూపణ్ణను నంది లక్కిశెట్టి కుమారునిగ పేర్కొనుచున్నవి. అతడు పెనుగొండ సీమలో అధికారియనియు, రాజుగారి కోశమును చూచుచుండెననియు ప్రసిద్ధి. తండ్రి పేరు చివరనున్న శెట్టి పదము వర్తకమును స్ఫురింపజేయుచున్నది. కుమారుని పేరునకు నాయక పదము చేరినది. త్రాసు పట్టిన ఇంట పుట్టినవాడు ఏనుగులు, పరివారము, ఆలయనిర్మాణము గల దొరయైనాడు. ఒక్క తరములో జరిగిన ఈ మార్పును ఆలయపు కప్పుపై చిత్రకారుడు ఎట్లు చూపెను?

అర్ధమండపపు కప్పునిండ వీరభద్రుని మహారూప మున్నది. క్రింద నిలుచుండి చూచువానికి ఆ మూర్తిని ఒక్క చూపులో అందుకొనుట సాధ్యము కాదు. మెడ నొచ్చువరకు తల త్రిప్పుచు ముక్కలు ముక్కలుగ చూచి కూర్చుకొనవలసినదే. ఆ దేవుని చెంత మిగుల చిన్న ప్రమాణమున దాతలు సేవించుచు నిలిచియున్నారు. వేరొక భాగమున వారే పరివారముతో కూడి కనబడుదురు. పరిశోధకులు వీరిని విరూపణ్ణ వీరణ్ణలుగ గుర్తించిరి. గుర్తించుటకు ఆధారము ముఖము కాదు. ముఖములన్నియు ఇంచుమించు ఒక్క ఒరవడివే: ప్రక్కచూపు, కొనదేలిన ముక్కు, వెడల్పైన కన్ను. ఆధారము వారు నిలిచిన చోటు, దేవునికి వారికి గల సామీప్యము, తలపై నిటారుగ లేచిన తెల్లని కుళ్లాయి.

ఇచ్చట లేనివానిని గూర్చియు ఆలోచింపవలెను. కోశాధికారి యని తెలుపుటకు తాళపుచెవి లేదు, కవిలె లేదు, ధనపు సంచి లేదు. శెట్టి కుమారుడని తెలుపుటకు త్రాసు లేదు. దొరయని తెలుపుటకు సింహాసనము కూడ లేదు. ఉన్నదంతయు కొలతలో నున్నది: దేవుడు అన్నింటికంటె పెద్ద, దాత అంతకంటె ఎన్నియో రెట్లు చిన్న. దేవుని ముందు తన్ను ఇంత చిన్నగ చిత్రింపజేసికొనుట వినయమే. కాని ఆ వినయమును చూపుటకు అంత చేరువలో నిలుచు హక్కు ఊరిలో మరెవ్వరికి కలదు? వీరభద్రుని పాదముల చెంత శాశ్వతముగ నిలిచిపోవుట ధనము చేతనే సాధ్యమైనది. ఆ ధనము మాత్రము చిత్రములో లేదు.

విరూపణ్ణను గూర్చి ప్రజలు చెప్పుకొను కథ ఈ సందర్భమున చరిత్రకారుడు తోసిపుచ్చదగినదే యైనను విమర్శకునకు పనికివచ్చును. రాజుగారి అనుమతి లేకయే కోశధనమును ఆలయమునకు వెచ్చించెనను నేరముపై కన్నులు పెరికింప ఆజ్ఞ కాగా, విరూపణ్ణ తానే తన కన్నులను పెరికి గోడకు విసరెననియు, ఆ గోడపై ఎఱ్ఱని మచ్చలు వానివే యనియు స్థానికులు నేటికిని చూపుదురు. ఇది నిజమని నమ్ముటకు ఆధారము లేదు. కాని చిత్రకారుడు మరుగుపరచిన వృత్తిని కథకుడు మరువలేదు. కప్పుపైనున్న విరూపణ్ణ కేవలము భక్తుడు, దొర. కథలోని విరూపణ్ణ లెక్క చెప్పుకొనవలసిన ఉద్యోగి. రూపచిత్రము ఎవరిచే వ్రాయింపబడెను, కథ ఎవరిచే చెప్పబడెను అను దానిని బట్టియే ఈ భేద మేర్పడినది.

కుళ్లాయిని గూర్చి మరికొంత చెప్పవలసియున్నది. పారసీక భాషలోని కులాహ్ శబ్దమునుండి ఈ మాట వచ్చినది; దీనితో జంటగ ధరించు కబాయి అరబ్బీ ఖబా నుండి వచ్చినది. విజయనగరపు సభలో ఈ రెండును రాజోద్యోగుల వేషమైనవి. ఫిలిప్ వాగొనర్ 1996లో ప్రకటించిన వ్యాసమున ఈ వేషము మతమునకు సంబంధించినది కాదనియు, నాటి విశాలమైన రాజకీయప్రపంచమున గౌరవస్థానము కోరువాడు ధరింపవలసిన సభావేషమనియు నిరూపించెను. మన చాటుసాహిత్యమున దీనికి పూర్వరంగము కలదు. శ్రీనాథుని పేర ప్రచారముననున్న ఒక చాటువులో కన్నడ రాజసభకు వెళ్లిన తెలుగుకవి కుళ్లా పెట్టుకొనవలసివచ్చినందుకును, కూర్పాసము తొడుగుకొనవలసివచ్చినందుకును మొరపెట్టుకొనుచున్నాడు. కర్తృత్వమును గూర్చి సందేహింపవచ్చును గాని, ఆ పద్యము పుట్టుటకు కారణమైన ఇబ్బంది నిజమైనదే. పండితుడైనను, కవిసార్వభౌముడైనను, ఆ టోపీ లేనిదే ఆ సభలో మనుష్యుడుగ లెక్కకు రాడు. కవికి భారమైన ఆ వస్తువే విరూపణ్ణకు లేపాక్షి కప్పుపై ముఖ్యాలంకారమైనది. సభలో పుట్టి పెరిగినవానికి వేషము సహజముగ నుండును; క్రొత్తగ చేరినవారిలో నొకడు దానిని చూచి విసుగుకొనును, మరియొకడు దానిని ఆలయపు కప్పుపై వ్రాయించుకొనును.

తిరుమలలోని శ్రీకృష్ణదేవరాయల లోహప్రతిమ చిత్రము కాదు గాని, దీనితో పోల్చుట అవసరము. తిరుమలదేవి, చిన్నాదేవుల నడుమ రాయలు చేతులు జోడించి నిలిచియున్నారు. శిరస్సుపై ఎత్తైన కుళ్లాయి యున్నది. పైమేన కబాయి లేదు. దేవుని సన్నిధిలో మేనివస్త్రమును తీసివేసిన రాజు టోపీని తీయలేదు. ఆభరణములు, ముఖరేఖలు, దేహపుష్టి అన్నియు మరచినను ఆ ఒక్క వస్తువుచే రాయలను గుర్తింపవచ్చును. పోర్చుగీసు యాత్రికుడు పేయస్ రాయల తలపైని జరీ టోపీని వర్ణించి, వెంటనే ఆయన పాదరక్షలు లేక యుండెననియు వ్రాసెను. పరదేశీయునకు ఈ రెండును కలిసి వింతగ తోచినవి. మన చిత్రములలోను, ప్రతిమలలోను తల మిగుల అలంకృతము, పాదములు నగ్నములు. ఇది దారిద్ర్యచిహ్నము కాదని మనకు వేరుగ చెప్పనక్కరలేదు. పరదేశీయ చిత్రములను చూచునపుడు మాత్రము ఇట్టివానిని మనకెవరో ఒకరు చెప్పవలసియుండును.

ఆ పరదేశములలో వృత్తిని ఇట్లు మరుగుపరచుట సర్వసామాన్యమైన నియమము కాదు. లేపాక్షి ఆలయము రూపుదిద్దుకొనుచున్న దశాబ్దిలోనే, 1532లో, జర్మను చిత్రకారుడు హాల్బైన్ లండనులో గియోర్గ్ గీజె అను డాన్‌జిగ్ వర్తకుని చిత్రించెను. ఆ పటము నేడు బెర్లినులో నున్నది. వర్తకుని చుట్టును ఉత్తరములు, ముద్రలు, నాణెములు మున్నగు వ్యాపారసామగ్రియంతయు క్రిక్కిరిసి యున్నది. ఉత్తరములపై అతని పేరు చదువదగియున్నది. తాను వర్తకుడనని చెప్పుకొనుటకు గీజె సంకోచింపలేదు. సంకోచింపనక్కరలేని వ్యవస్థలో అతడు బ్రతికెను. ఉత్తర ఐరోపా వర్తకసంఘముల బలము అట్టిది. శెట్టి కుమారుడైన విరూపణ్ణకు నాయకుడు కానిదే లేపాక్షి కప్పుపై చోటు లేదు. గీజెకు వర్తకుడుగనే హాల్బైన్ కుంచె లభించినది.

ఇటలీలో మొరోనీ 1565-1570 ప్రాంతమున చిత్రించిన దర్జీ పటము మరింత సాహసవంతమైనది. లండను నేషనల్ గ్యాలరీలో నున్న ఈ చిత్రమున దర్జీ బల్లవద్ద నిలిచి, చేత కత్తెర పట్టి, సుద్దతో గీతలు గీసిన నల్లబట్టను కత్తిరింపబోవుచు, తలయెత్తి మనవైపు చూచుచున్నాడు. పాలవన్నె చొక్కాయు, ఎఱ్ఱని లాగును తొడిగి, వ్రేలికి ఉంగరము పెట్టియున్నాడు. నాటి శ్రీమంతులు నల్లని దుస్తులలో చిత్రింపబడుట వాడుక. ఈ దర్జీ బల్లపైనున్నది ఆ నల్లనిబట్టయే. శ్రీమంతుల హోదాను కుట్టువాడు తాను వేరు రంగు తొడిగినాడు. చేతిలో పనిముట్టు ఉన్నవానికి గౌరవము తగ్గునని నేను పైన చెప్పితిని. మొరోనీ ఆ నియమమును ఒక్క చూపుతో త్రోసిరాజనెను. పనివాడు తన పనిమీదనుండి కన్నెత్తి, కొలత తీయువాని నిశ్చయముతో, చూచువానినే పరికించుచున్నాడు. మనము అతని ముందు గిరాకీలమైతిమి. వృత్తి, పేరు, గౌరవము మూడును ఒక్కచోట నిలుపవచ్చునని తెలుపు చిత్రములలో దీనికి సాటివచ్చునవి ఎక్కువ లేవు. అయితే పేరు మాత్రము మనకు దక్కలేదు. ఆ దర్జీ ఎవరో తెలియదు.

రెంబ్రాంట్ 1632లో వ్రాసిన వైద్యుని శరీరశాస్త్రపాఠమును ఒక్కమాటతో పేర్కొని విడిచెదను. ఎనమండుగురు సజీవులలో శవపు కండరమును పట్టకారుతో పట్టినవాడు డాక్టర్ టుల్ప్ ఒక్కడే. గదిలో టోపీ పెట్టుకొన్నవాడును అతడొక్కడే. అచ్చట పనిముట్టును టోపీయు ఒక్కని కడనే చేరినవి. లేపాక్షి కుళ్లాయిని చూచిన కన్నులకు ఆ నల్లని వెడల్పు టోపీ పరాయిది కాదు.

మన దేశమునకు మరలివచ్చినచో, ఈ విషయమున మిక్కిలి ఎరుకతో పనిచేసినవాడు జహంగీరు ఆస్థానచిత్రకారుడు బిచిత్ర్. 1615-1618 ప్రాంతమున అతడు వ్రాసిన ప్రసిద్ధ చిత్రమున జహంగీరు గడియారపు ఇసుకగాజు రూపమైన పీఠముపై కూర్చుండి, రాజులను కాదని సూఫీ మహనీయునకు గ్రంథము నందించుచున్నాడు. సూఫీకి క్రింద తురుష్క సుల్తాను, అతనికి క్రింద ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు, అందరికంటె క్రింద బిచిత్ర్ తానే. ఈ అంతస్తుల నిచ్చెనలో చిత్రకారుడు తనకు అడుగుమెట్టును కేటాయించుకొన్నాడు. చేతిలో కుంచె లేదు. తాను వ్రాసిన చిన్న చిత్రమొకటి యున్నది. అందులోను ఒక మనుష్యుడు వంగి నమస్కరించుచున్నాడు. పనిముట్టునకు బదులు పనియొక్క ఫలమును పట్టుట సామాన్యమైన మార్పు కాదు. కుంచె పట్టినవాడు పనివాడు. కానుక పట్టినవాడు సభాసదుడు. అయితే సంతకమును మాత్రము అతడు చక్రవర్తి పీఠము క్రిందనున్న కాలిపీటపై వ్రాసెను. చక్రవర్తి పాదము మోపుచోట తన పేరు! వినయమున కిది పరాకాష్ఠ. పేరును ఎవ్వరును చెరపలేని చోట వ్రాయుటయు నిదియే. లేపాక్షి దాత వినయమును గూర్చి చెప్పినది ఈ చిత్రకారునికిని వర్తించును.

ఇంతవరకు చూచినవారు పేరో, స్థానమో కలవారు. పేరు లేనివారు చిత్రములకెక్కుట పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమున విరివియైనది. కుంఫిణీ అధికారులు ఈ దేశపు జనులను గూర్చి ఎరుగుటకును, స్వదేశమునకు జ్ఞాపికలుగ కొనిపోవుటకును చిత్రసంపుటములను వ్రాయించిరి. తంజావూరు చిత్రకారులు ఇందు ప్రసిద్ధులు. ఒక్కొక్క పుటలో ఒక్కొక్క దంపతులు. భర్త చేతిలో తన కులవృత్తికి గుర్తైన పనిముట్టు. భార్య చేతిలో దానికి తోడైన వస్తువు. వెనుక ఇల్లు లేదు, వీధి లేదు. పాదముల క్రింద కొంచెము నేల, పైన ఖాళీ. క్రింద కులమో వృత్తియో వ్రాసియుండును. మనుష్యుని పేరు వ్రాయు వాడుక లేదు.

ఈ సంపుటములు సాంఘికచరిత్ర వ్రాయువారికి నిక్షేపములుగ తోచుట సహజమే. పనిముట్ల రూపములు, చీరకట్టు, తలపాగ చుట్టు విధము, నగలు, వాద్యములు అన్నియు శ్రద్ధతో వ్రాయబడినవి. కాని వీనిలో మనుష్యుడెవడును పని చేయుచుండడు, పనిముట్టును చూపుచుండును. కుమ్మరి సారెను త్రిప్పుటకును, సారె చెంత నిలుచుటకును భేదము లేదా? మొరోనీ దర్జీ కత్తెర తెరచియున్నది, బట్ట బల్లపై నున్నది, మరుక్షణమున కోత పడును. తంజావూరు దంపతుల పుటలో మరుక్షణము లేదు. పైగా భార్యాభర్తలకు ఒకే వృత్తి, ఆ వృత్తికి ఒకే కులము, ఆ కులమునకు ఒకే వేషము అను సమీకరణము ప్రతి పుటయందును ఆవృత్తియగుచున్నది. సేద్యమును, నేతను కలిపి చేసినవారు, కులవృత్తిని విడిచి వేరొకటి చేపట్టినవారు, సిపాయిలుగ చేరినవారు ఈ పుటలలో ఎక్కడ నిలుతురు? విరూపణ్ణ వంటి వానికి ఇందు చోటెక్కడ? త్రాసు పట్టిన శెట్టిగ అతడు ఒక పుటలో నిలువవలసివచ్చియుండును. లేపాక్షిలో పేరుండి పనిముట్టు మరుగైనది; ఇచ్చట పనిముట్టుండి పేరు మరుగైనది.

ఈ రెండు మార్గములు ఒక్క పటమున కలిసికొనుట తెలుగు పరిశోధకులకు మిక్కిలి ఆప్తుడైన ఒక వ్యక్తి చిత్రములో చూడవచ్చును. కైఫీయతులతో పరిచయమున్న వారందరును ఎరిగిన కర్నల్ కాలిన్ మెకంజీ చిత్రమది. ఐర్లండులో పుట్టి మద్రాసులో మరణించిన థామస్ హికీ దీనిని 1816లో తైలవర్ణములతో వ్రాసెను. నేడది లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. మెకంజీ 1815లో భారతదేశపు సర్వేయరు జనరలుగ నియమింపబడెను. ఎఱ్ఱని సైనికవేషమున ఆయన నిలిచియుండగా, చుట్టును ముగ్గురు భారతీయులున్నారు. దూరమున గోమటేశ్వరుని మహాశిల్పము కానవచ్చుచున్నది. ఆ ముగ్గురిలో ఒకని చేత దుర్భిణి, మరియొకని చేత తాళపత్రగ్రంథము నున్నవి. దుర్భిణి పట్టినవాడు కిష్టనజీ యను బంట్రోతనియు, తాళపత్రము పట్టినవాడు ధర్మయ్య యను జైనపండితుడనియు, మూడవవాడు ఏలూరివాడైన కావలి వెంకట లక్ష్మయ్య యనియు పరిశోధకులు గుర్తించుచున్నారు.

సర్వేయరు జనరలు వృత్తి నేలను కొలుచుట. కొలతకు పనిముట్టు దుర్భిణి. ఆ దుర్భిణి ఆయన చేత లేదు. బంట్రోతు చేత నున్నది. మెకంజీకి మరియొక ప్రఖ్యాతి గ్రంథములను, శాసనములను, స్థానికచరిత్రలను సేకరించుట వలన వచ్చినది. ఆ తాళపత్రము కూడ ఆయన చేత లేదు. పండితుని చేత నున్నది. మెకంజీపై నున్నది కుంఫిణీ సైన్యపు ఎఱ్ఱకోటు. ఆ కోటు కొలతను గాని, చదువును గాని తెలుపదు, అధికారమును తెలుపును. ఆయన చేయించిన రెండు పనులును ఇతరుల చేతులలో నిలిచి, వాని కీర్తి ఎఱ్ఱకోటును చేరుచున్నది. హికీ దీనిని వ్యంగ్యముగ చిత్రించెనని నే ననను. నాటి ఆంగ్లేయ చిత్రకళలో యజమానిని పరిజనముతో చిత్రించుట గౌరవప్రదమైన వాడుక. పైగా మెకంజీ తన సహాయకులను తన పటములో నిలుపుకొనుట నాటి దొరలలో అరుదైన ఔదార్యమే. లక్ష్మయ్య అన్నయైన కావలి వెంకట బొర్రయ్య 1803లో మరణించినను, ఆయన పరిచయము చేతనే తనకు ఈ దేశపు విజ్ఞానద్వారము తెరచుకొన్నదని మెకంజీ 1817 నాటి లేఖలో కృతజ్ఞతతో తలచుకొన్నాడు. అట్టివాడు కృతఘ్నుడు కాడు. రూపచిత్రపు సంప్రదాయమే అట్టిది: మధ్యనున్నవానికి పేరు, ప్రక్కనున్నవారికి పనిముట్లు.

ఇప్పుడు మన గోడమీది నన్నయభట్టును మరల చూడవలెను. ఆయన ముందును తాళపత్రమే యున్నది. హికీ పటములో పండితుని చేతనున్నదియు తాళపత్రమే. వస్తువు ఒక్కటియే. నన్నయ ముందున్న ఆకు ఆయనను కర్తగ, ఆదికవిగ నిలుపుచున్నది. ధర్మయ్య చేతనున్న ఆకు ఆయనను మరియొకని సేకరణకు సహాయకునిగ నిలుపుచున్నది. కావున చిత్రములో తాళపత్రము కనబడినంతనే పాండిత్యగౌరవమును ఊహించుట పొరపాటు. ఎవరి ముందు, ఎవరి కొరకు, ఎంత దూరమున ఆ ఆకు పట్టబడినదో చూచిన తరువాతనే దాని అర్థము తేలును. దంపతుల చిత్రములలోని సారె మగ్గములకును, లేపాక్షిలోని కుళ్లాయికిని ఇదే పరీక్ష చేయవలసియున్నది.

ఈ విషయము కేవలము చిత్రకళాసంబంధి కాదని లక్ష్మయ్య తరువాతి జీవితము తెలుపుచున్నది. మెకంజీ 1821లో మరణించెను. ఆ మహాసేకరణలో ఏయే గ్రామమునుండి ఏయే గ్రంథము వచ్చెనో, ఎవరు వ్రాసియిచ్చిరో, ఏ భాషనుండి ఏ భాషలోనికి మార్చిరో లక్ష్మయ్యకు తెలిసినట్లు తెలిసినవాడు బ్రతికియున్నవారిలో అరుదు. పనిని తాను కొనసాగింతునని ఆయన కోరెను. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఆ కోరికను పరిశీలించినది. ఆ సందర్భమున జేమ్సు ప్రిన్సెప్ 1836లో వ్రాసిన అభిప్రాయము, లక్ష్మయ్యయే గాక ఈ దేశీయుడెవ్వడును అట్టి బాధ్యతకు చాలినవాడు కాడన్నట్టిది. పనిముట్టు పట్టుటకు తగినవాడు పేరు పొందుటకు తగడను మాట అది. ఇరువదియేండ్లకు ముందు హికీ రంగులలో నిలిపిన వరుసనే ప్రిన్సెప్ అక్షరములలో నిలిపెను.

లక్ష్మయ్య తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితములను ఆంగ్లమున ప్రకటించినవాడు. తెలుగు సాహిత్యచరిత్ర రచనకు తొలి బాట వేసినవారిలో నొకడు. ఆ ఇంటిలోని మువ్వురు సోదరుల కృషి లేనిదే మన కైఫీయతుల చదువు ఇట్లుండెడిది కాదు. మన ప్రచురణలలో హికీ చిత్రము ముద్రితమైనపుడు దాని క్రింద తరచుగ ఒక్క పేరే యుండును.